ఒకే సూది పతకం

మంగోలియాలో గోబీ ఎడారి అంచున మా ఊళ్ళో లువ్సన్‌దాష్ గుడారంలోకి అడుగుపెడితే ఎదురుగా, బుద్ధుడి బొమ్మ పక్కన, ఒక స్టీలు పెట్టె ఉంటుంది. అందులో ఒక గాజు సిరంజి, ఒక సూది. పెట్టె మీద ఎర్ర రిబ్బను పతకం. ఇరవై రెండేళ్ళు ఊరి కాంపౌండరుగా చేసి ఒక్క సిరంజీ పగలగొట్టనందుకు కమ్యూనిస్టుల కాలంలో పార్టీవాళ్ళు ఇచ్చింది. ఆ మనిషి ఘనకార్యం మొత్తం అంతే. మిగతా బతుకంతా దాని గురించి డప్పు కొట్టుకోవడంతోనే గడిచింది.

ఈమధ్య ఆయనకి చెప్పుకోడానికి ఇంకో సంగతి దొరికింది. మేనకోడలు హందా కాలేయంలో గడ్డ వచ్చింది. పాలకేంద్రంలో ముప్పై ఏళ్ళు పనిచేసిన హందా వోడ్కా చుక్క ఎరగదు. "కాలేయం ఊరికే పాడవుతుందా? చాటుగా తాగేది," అని ఈయన ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చాడు. రోజుకో సీసా ఖాళీ చేసే పెద్దమనిషి! ఊరు నమ్మింది. హందా కోడలు కూడా అత్త మంచం కింద సీసాల కోసం వెతికింది. గడ్డ కన్నా అదే హందాని ఎక్కువ బాధపెట్టింది.

నగరంలో ఆపరేషను చేసి, తీసిన గడ్డని పరీక్షకి పంపారు. ఫలితం వచ్చాక డాక్టరమ్మ పిలిచింది.

"మీరు తాగరు కదూ అక్కా?"

"మీరైనా నమ్ముతారా?"

"నేను నమ్మేదేముంది, గడ్డే చెబుతోంది. తాగుడు వల్ల జన్యువులు చెడితే ఆ గుర్తులు వేరేగా ఉంటాయి. మీ దాంట్లో హెపటైటిస్ వైరస్ తన ముక్కనే తెచ్చి జన్యువులో అతికించింది. గడ్డలో ఏ కణం చూసినా అదే చోట అదే ముక్క. అంటే గడ్డ పుట్టకముందే దూరింది. వైరస్ చిన్నప్పుడే ఒంట్లో చేరి, ఏళ్ళ తరబడి కూర్చుని ఉంటుంది. ఒకరికి గుచ్చిన సూది మరిగించకుండా ఇంకొకరికి గుచ్చితే చాలు."

హందాకి స్టీలు పెట్టె గుర్తొచ్చింది. అదంతా కాగితం మీద రాయించుకుంది.

కొత్త సంవత్సరం పండక్కి అందరూ మావయ్య గుడారంలో చేరారు. వోడ్కా గిన్నె చేతులు మారుతూ హందా దగ్గరికి వచ్చింది. మావయ్య చటుక్కున లాక్కున్నాడు.

"దీనికొద్దు. దీని వాటా ఎప్పుడో అయిపోయింది!"

అందరూ నవ్వారు. హందా కాగితం ఇంకా తీయలేదు.

"మావయ్యా, నీ పతకం సంగతి చెప్పు. మా కోడలు వినలేదు."

ఆయన ఛాతీ విరుచుకున్నాడు. "బళ్ళో టీకాలకి నలభై మంది పిల్లలు వరసగా నిలబడేవాళ్ళు. ఒకే సిరంజి, ఒకే సూది!"

"మధ్యలో మరిగించేవాడివా?"

"పిచ్చిదానా, ఊరికే మరిగిస్తే గాజు పగలదూ? సాయంత్రం ఒక్కసారే. ప్రభుత్వం సొత్తు మరి!"

అప్పుడు తీసింది కాగితం. "గట్టిగా చదువమ్మా," అని కోడలికిచ్చింది. కోడలు ఒక్క ముక్క వదలకుండా చదివింది.

"ఆ వరసలో నా ముందు దవ్గా ఉన్నాడు, కాలేయం చెడి పోయాడు. నా వెనక మా చెల్లి, అదీ పోయింది. ఇద్దర్నీ తాగుబోతులనే పాతిపెట్టాం కదా మావయ్యా."

చిన్నప్పుడు ఆ వరసలో నిలబడ్డవాళ్ళు తమ భుజాలు తడుముకున్నారు.

"అప్పట్లో అందరూ అలాగే చేశారు," అని గొణిగి ఆయన గిన్నె కోసం చెయ్యి చాచాడు. సిగ్గులేని జన్మ. దెజిద్ అత్తయ్య మొగుడి చేతికి అందకుండా గిన్నె తీసి, కడిగి, పాలటీ పోసి, రెండు చేతులతో హందాకి ఇచ్చింది.

మర్నాడు వెళ్ళి చూస్తే పెట్టె లేదు. పతకం మాత్రం బుద్ధుడి పక్కనే ఉంది, కొత్తగా తుడిచి పెట్టినట్టున్నాడు.