లీకేజీ బంద్ చేసిన బోటింజిన్

మీరు నవ్వుడు మొదలువెట్టకముందే చెప్తున్న. గా రోజు నడి గోదాట్ల ఒక పెండ్లి ఆగిపోయేటట్టే ఉండె. మా బావ నీళ్లల్ల దుంకుత అన్నడు. మా అక్క ఆయన చెయ్యి పట్టి గుంజి, "నువ్వెందుకు దుంకుతవయ్యా, వీన్ని దుంకుమను" అన్నది. ఆ వీడు ఎవడో కాదు, నేనే.

నాది దంతాలపల్లి. మోటర్ల మెకానిక్‌ను. సుట్టుపక్కల ఏ పొలం కాడ పంపు ఆగినా నాకే ఫోన్ వస్తది. లోకంల నాకు పగ అంటే లీకేజీ ఒక్కదాని మీదనే. పైపు కారినా, పంపు కారినా, పక్కింటోళ్ల నల్లా కారినా నాకు ముద్ద దిగది. చుక్క బయటికి రాకుండ మూసిందాక నిద్ర పట్టది. గదే నా పేరు, గదే నా గర్వం, నా కొంప ముంచింది గూడ గదే.

మా బావది భూపాలపల్లి దిక్కు, గోదారి ఒడ్డున చిన్న ఊరు. పడవల జనాన్ని అవతలి ఒడ్డుకు దాటిస్తడు. తెడ్డు వేసి వేసి రెక్కలు పోతున్నయని, సముద్రంల చేపలు పట్టేటాయన దగ్గర పాత బోటింజిన్ కొనుక్కొచ్చిండు. తెచ్చిన రెండో దినమే గిరాకి తగిలింది. ఒక పెండ్లికొడుకును ముహూర్తానికి అవతలి ఒడ్డుకు దించాలె. బ్రిడ్జి ఉన్నది, కార్లున్నయి. గని పిలగానికి పడవల నిలబడి వచ్చే వీడియో కావాలెనట. ఏం చేస్తం, కాలం గిట్లున్నది.

బావ ఫోన్ చేసిండు. "బామ్మర్దీ, గీ ఇంజిన్ ఉప్పునీళ్లల్ల నడిచింది. లోపల కడగాలెనట, జర వచ్చి చూడు. ముహూర్తానికి దించకపోతే ఇగ నా పడవ ఎవలూ ఎక్కరు."

"నేనున్న గదా బావా!" అన్న. నేను గీ మాట అన్నప్పుడల్లా ఎవలకో ఒకలకు మూడుతది.

పోయేసరికి ఇంజిన్ అమ్మినాయనను బావ ఫోన్ల కలిపిండు. "ఇదిగోండి, సముద్రం నీళ్లు ఆరిపోయి లోపలంతా ఉప్పు గడ్డకట్టి ఉంటాది. డ్రమ్ము నిండా మంచినీళ్లు పోసి, ఇంజిన్ కింది భాగం ముంచి, పావుగంట నడపండి. అది కరిగి వచ్చేస్తాది. ఇంకో సంగతండీ, పక్కన చిన్న కన్నం ఒకటి..."

"ఎరుకే అన్నా, నాకంతా ఎరుకే" అని కట్ చేసిన. "చూసినవా బావా, మోటర్ల మెకానిక్‌కు నీళ్ల గురించి చెప్తాండు!"

"జర మొత్తం ఇనరాదుర" అన్నడు బావ.

"నేనున్న గదా!"

డ్రమ్ముల ముంచి స్టార్ట్ చేసిన. మంచిగనే నడుస్తాంది. గింతల ఏమైంది? ఇంజిన్ పక్కపొంటి సూదిమొనంత బొక్కల నుంచి సన్నగ నీళ్లు చిమ్ముతున్నయి.

"బావా, లీకేజీ!"

"గది గట్లనే ఉంటదేమోర."

"లీకేజీ గట్లనే ఉంటదా? నువ్వు పడవ నడుపు బావా, మోటర్ సంగతి నాకిడిసిపెట్టు."

ఇంజిన్ ఆపి, బొక్క తుడిచి, పైపుల పగుళ్లు మూసే సీలు ముద్ద పిసికి గట్టిగ కుక్కిన. ఎండినంక నున్నగ గీకి పైనుంచి నల్ల రంగేసిన. బొక్క ఉన్నదంటే కన్నతల్లి గూడ నమ్మది. మల్ల స్టార్ట్ చేస్తే చుక్క రాలేదు. అసలు రోగమే తీసేసినంక పావుగంట ఎందుకని రెండు నిమిషాలు నడిపి బంద్ చేసిన. ఇంజిన్‌కు బందోబస్తు ఉండాలె గద, నెత్తి నుంచి కాళ్ల దాక గ్రీజు పూసిన. ఉప్పు ఉన్నది లోపల, నేను పూసింది బయట. గిప్పుడు తలుసుకుంటే నా చెంపలు నేనే వాయించుకోబుద్ధి అయితాంది.

పెండ్లినాడు అక్క ఇంజిన్‌కు బొట్టుపెట్టి తనూ ఎక్కింది. పెండ్లికొడుకు నల్లద్దాలు పెట్టుకొని ముంగట నిలబడ్డడు. వాళ్ల మేనమామ తెల్లబట్టలల్ల మడత నలగకుండ ఇంజిన్ పక్కనే కూసున్నడు. వీడియో ఆయన కెమెరా పట్టిండు. నేను మీసం దువ్వుకుంటున్న.

నడి గోదాట్లకు రాంగనే కాలిన వాసన. తర్వాత పొగ. తర్వాత కీచుమని అరిచి ఇంజిన్ ఆగింది.

"ఏమైందయ్యా?" అన్నడు మేనమామ. "ముహూర్తం ఇంక ముప్పావుగంటనే ఉన్నది!"

బావ అమ్మినాయనకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టిండు.

"పక్కన కన్నంలోంచి ధార వస్తుందాండీ?"

"ఏ ధార అన్నా?" అన్న.

"సన్నగా నీళ్లు చిమ్ముతాయి చూడండి, అది."

"గదా? గది లీకేజీ గద అన్నా. నేనే బంద్ చేసిన."

పెండ్లికొడుకు నల్లద్దాలు తీసి నా దిక్కు చూసిండు.

"బాబూ," అన్నడాయన ఏడ్పు గొంతుతోని, "ఇంజిన్ని చల్లబరిచిన నీళ్లు అలాగే బయటికొస్తాయి. ఆ ధార ఆగిందంటే లోపల ఉప్పు అడ్డం పడిందని, వెంటనే ఆపెయ్యమని అర్థం. మీరు దాని నోరే మూసేస్తే అదెలా చెప్తాదండీ?"

బావ దుంకుత అన్నది గప్పుడే. అక్క నన్ను దుంకుమన్నది గప్పుడే.

"ముందు చల్లారనివ్వండి. కన్నం తెరిచి పిన్నుతో కెలికి, మెల్లగా నడపండి" అన్నడాయన. గీసారి చివరి అక్షరం దాక విన్న.

అక్క కొంగుకున్న పిన్నీసు తీసి నా మొఖాన కొట్టింది. బావ ఒక దిక్కు తెడ్డు పట్టిండు. ఇంకో దిక్కు పట్టెటోడు లేక పెండ్లికొడుకే బాసికం ఎగదోసుకొని పొడుగు వెదురు గడె వేసిండు. నేను బోర్ల పడుకొని, నేనే గంత ముద్దుగ కుక్కిన సీలును ముక్క ముక్క పెకిలించిన. లోపలి నుంచి ఉప్పు పెళ్లలు రాలినయి. అందరు దేవుళ్లకు మొక్కి ఇంజిన్ తాడు గుంజిన. స్టార్టైంది. ఒక్కపారి ఫట్టుమని ధార లేచి సీదా మేనమామ మొఖాన, తెల్లంగి మీద పడ్డది.

"థూ! ఉప్పు కషాయం!" అన్నడాయన.

"ఉప్పు పోతాంది బావా, ఉప్పు పోతాంది!" అని నేను ఎగిరిన. నాతోని ఎవలూ ఎగరలేదు.

మెల్లగ ఒడ్డుకు చేరేసరికి పెండ్లి చేసే అయ్యగారు నీళ్ల దాక వచ్చి రెండు చేతులూ ఊపుతున్నడు. పిలగాన్ని ఉరికిచ్చుకుంట తీస్కపోయిండ్రు. సరిగ్గ ముహూర్తానికి, పొక్కులొచ్చిన చేతులతోనే జీలకర్రబెల్లం పెట్టిండు. పెండ్లి అయింది, బావ పేరు నిలిచింది.

తెల్లారి డ్రమ్ము పక్కన ముక్కాలిపీటేసి బావ నన్ను కూసోబెట్టిండు. "పావుగంట. ధార దిక్కే చూడు. ముట్టినవంటే చెయ్యి ఇరుగుతది" అన్నడు. చూసిన. ధార సల్లగ, తియ్యగ వచ్చిందాక చూసిన.

ఇదంతా ఇంట్లోళ్ల మధ్యనే ఉంటే బాగుండు. గని వీడియో ఆయన కెమెరా బంద్ చేయలేదు. పెండ్లి వీడియోల, పూలు రాలంగ, సన్నాయి మోగంగ, నా మొఖం దగ్గరికి తెచ్చి "గది లీకేజీ గద అన్నా, నేనే బంద్ చేసిన" అన్నది మూడుసార్లు తిప్పి చూపెట్టిండు. జనగామల చాయ్ తాగుతాంటే గూడ నన్ను గుర్తుపట్టిండ్రు.

గందుకే గోదారి తల్లి సాక్షిగ ఒట్టు పెట్టుకున్న. ఎదుటోడు చెప్పేది ఆఖరి దాక విననిదే నా చేతితోని ఏ బొక్కా మూయ.

మొన్న మా ఇంటామె కొంగు నడుముకు చెక్కుకొని వచ్చింది. "ఏందయ్యా, మెకానిక్ ఇంట్ల వారం సంది నల్లా కారుతాంది. బంద్ చెయ్యవా?"

"ఆగు," అన్న. "నల్లా అమ్మినాయనకు ఫోన్ చేసిన. గది లీకేజీయేనా, కాదా అడుగుతున్న."