మిల్లు క్వార్టర్సు బడి టీచరమ్మ

మొన్న సోమవారం పొద్దున్నే నాన్న ఫోన్ చేశాడు. "టీచరమ్మ గారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారమ్మా. సాయంత్రం నాలుగింటికి భూస్థాపన. సెలవు పెట్టుకుని రా" అన్నాడు. నందిగామలో మా ఆఫీసులో సెలవు చీటీ రాసిచ్చి జగ్గయ్యపేట బస్సెక్కాను.

జగ్గయ్యపేట శివార్లో ఒకప్పుడు నూలు మిల్లు ఉండేది. దాని క్వార్టర్సు పక్కన రెండు గదుల బడి. ఆవిడ అక్కడ టీచరు. నేను రెండో తరగతిలో ఉండగా మిల్లు మూతపడింది. వారానికో కుటుంబం సామాను ఆటోకెత్తుకుని వెళ్ళిపోయేది. కొందరు హైదరాబాదు, కొందరు విజయవాడ, కొందరు చందర్లపాడు వైపు మిరప కోతలకి. హాజరు పిలిచేటప్పుడు వెళ్ళిపోయిన పిల్లల పేర్లు కూడా పిలిచి, ఒక్క క్షణం ఆగేవారు టీచరమ్మ. "పేరు కొట్టెయ్యడం ఎంతసేపే, తిరిగొస్తే?" అనేవారు.

మరుసటి ఏడు జనాభా లెక్కలకి మా ఇంటికి వచ్చింది ఆవిడే. మిల్లు మూసినప్పటినుంచి నాన్న మంచం దిగడం మానేశాడు. అమ్మ ఒక్కతే కూలికి వెళ్ళేది.

"ఏం పని చేస్తున్నావయ్యా?" అని అడిగారు టీచరమ్మ.

"ఏముందండీ, పనిలేనోణ్ణని రాసుకోండి" అన్నాడు నాన్న, గోడవైపు తిరిగే.

"పని వెతుక్కుంటున్నాడని రాయడానికి వేరే గడి ఉందయ్యా. కానీ నేను అబద్ధం రాయను. వెతుకుతున్నావా?"

నాన్న దుప్పటి మీదికి లాక్కున్నాడు. "సరే, ఈ గడి ఖాళీగా ఉంచుతున్నా. శనివారం వస్తా" అని కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయారు.

తెల్లారి నాన్న గడ్డం గీసుకున్నాడు. అమ్మ, నేను చూస్తూ ఉండిపోయాం. గరికపాడు దాకా వెళ్ళి ధాబాలు, లారీ షెడ్లు మూడు రోజులు తిరిగాడు. శనివారం టీచరమ్మ వచ్చేసరికి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "వెతుకుతున్నానండి. ఇంకా దొరకలేదు."

"దొరికిందా అని నేనడగలేదుగా" అని నవ్వుతూ రాసుకున్నారు.

నెల తిరక్కుండా ఒక టైర్ల షాపులో చేరాడు నాన్న. పని నేర్చుకుని తర్వాత సొంతంగా పెట్టుకున్నాడు. నా డిగ్రీ, చెల్లి నర్సింగు అన్నీ దానిమీదే.

నేను హైస్కూలుకి మారేసరికి బడిలో పిల్లలు ఏడుగురే మిగిలారు. మూసేస్తారన్నారు. ఖాళీ క్వార్టర్సులోకి కంకర క్రషర్లలో పనికి ఒడిశా నుంచి కుటుంబాలు దిగాయి. వాళ్ళ పిల్లలు మన బళ్ళోకెందుకని పాతవాళ్ళు గొణిగారు. "మనూరి పిల్లల్ని ఏ ఊళ్ళోనో ఎవరో చేర్చుకునే ఉంటారుగా. ఇక్కడ మన వంతు" అన్నారామె. ఒకసారి నేను చూడ్డానికి వెళ్తే, మంచినీళ్ళని ఒడియాలో ఏమంటారో ఓ పిల్లనడిగి తెలుగక్షరాల్లో అరచేతిలో రాసుకుంటున్నారు. ఆ ఏడు బడి నిలబడింది. రిటైరయ్యాక కూడా సాయంత్రాలు తన వరండాలో ఆ పిల్లలకి చదువు చెప్పారు.

నేనిప్పుడు మండలాఫీసులో ఆదాయ ధ్రువపత్రాల దరఖాస్తులు చూస్తాను. "ఏం పని చేస్తారండీ" అని అడిగేటప్పుడు కాగితం మీంచి తలెత్తి మనిషిని చూస్తాను. అది ఆమె దగ్గర నేర్చుకున్నదే.

సమాధుల తోటకి జనం బాగానే వచ్చారు. మిల్లు మూశాక వలసపోయినవాళ్ళు కూడా కొందరు కనిపించారు. నాన్న చివరిదాకా మట్టి వేస్తూనే ఉన్నాడు. ప్రార్థన ముగిసి అందరూ కదిలాక, క్రషర్ నుంచి అలాగే వచ్చేసినట్టుంది, చీరంతా రాతిదుమ్ముతో ఒడిశా కుటుంబాల్లోని ఒకామె కూతురి చెయ్యి పట్టుకుని కొయ్య సిలువ ముందు ఆగింది. సిలువమీద పేరు రాసిన రంగు ఇంకా ఆరలేదు. ఆమెకి తెలుగు చదవడం రాదు. టీచరమ్మ అని పిలవడమే తెలుసు, అసలు పేరు తెలీదు. ఆ మాటకొస్తే మాకూ అంతే. పిల్ల రంగు అంటకుండా వేలు ఎడంగా పెట్టి ఒక్కో అక్షరమే చదివింది. ఒత్తు దగ్గర తడబడి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. తల్లి పెదవులు కూడా మళ్ళీ మొదటినుంచి కదిలాయి.