ప్రాణమిస్తానని చెయ్యెత్తని పోచమ్మ

నాచారంలో ఒక ఇంటి ప్రార్థనకు వచ్చి వాక్యం చెప్పమన్నారు. మన నోట రోజూ ఆడే యుద్ధపు మాటల మీద చెప్పాలనుకున్నాను. నేను పెద్ద చదువులు చదవలేదు. బైబిలునూ పాత నిఘంటువునూ పక్కపక్కన పెట్టుకుని నేర్చుకున్నవాణ్ణి.

ఆదివారం పదింటికి నారపల్లిలో బస్సెక్కి ఉప్పల్‌లో దిగాను. అక్కడ షేర్ ఆటో, ముప్పై రూపాయలు. ఒక పెద్ద కుటుంబం సామానుతో ఎగబడింది. "పటాలమంత గీ ఆటోలనే ఎక్కుతదంట! ఇదేమన్న మిలిటరీ లారీనా అన్నా?" అన్నాడు డ్రైవర్ నాతో. నాకు పండగే. పటాలం అంటే బెటాలియనేననీ, లష్కర్ అంటే సైన్యమనీ, దండు దిగబట్టే సికింద్రాబాదుకు లష్కర్ అన్న పేరు పడిందనీ దారంతా చెప్పాను.

"అయితే మిలిటరీ హోటల్ల మటన్ తిన్నోళ్లంత జవాన్లేనా?" అని నవ్వాడు.

ప్రార్థన ఇంట్లో ఆ ముక్కతోనే ప్రసంగం మొదలుపెట్టాను. ముందుగది నిండా ఉన్న జనం పకపకా నవ్వారు. నాకు ఊపొచ్చింది. "మీ నోట్లోనే దండుంది! మీరంతా సైనికులే! ముందు వరుసలో ప్రాణమిచ్చేవాళ్లు చేతులెత్తండి!" అని గర్జించాను. అందరూ ఎత్తారు, గడప దగ్గర కూర్చున్న పక్కింటి పోచమ్మ తప్ప.

"ఏమ్మా, యుద్ధం మొదలవకముందే పారిపోతున్నావా?" అన్నాను. మళ్లీ నవ్వులు.

ఆమె కొంగు సర్దుకుంది. "నా కొడుకు నిజంగనే బార్డర్ల ఉన్నడయ్యా. ఫోన్ రాక నాలుగు దినాలాయె. వాని కోసం ప్రార్థన చేపిద్దామని వచ్చిన. పానమిస్తనని చెయ్యెత్తుమంటే నాకెట్ల లేస్తది?"

నవ్వులు ఆగిపోయాయి. వెళ్లి ఆమె ముందు నేల మీద కూర్చుని, "ఏమని అడగమంటావమ్మా?" అన్నాను.

"అన్నం తిన్నడో లేదో. గదొక్కటి సూడుమను."

కళ్లు మూసుకున్నాను. నాలుక మీదికి వచ్చినవన్నీ ఖడ్గాలూ కోటలూ విజయాలే. ఇన్నేళ్లుగా గొంతు చించుకుని అరిచిన ఆ మాటల్లో ఒక్కటీ ఆ తల్లి ముందు పలకలేకపోయాను. "ప్రభువా, ఆ బిడ్డకు అన్నం పెట్టు" అని మాత్రం అన్నాను. అది కూడా సరిగా వినబడలేదేమో.

తిరుగు బస్సులో సిగ్గుతో తలెత్తలేదు. ఒక మాట ఏ సైన్యంలోంచి వచ్చిందో వెతికి మురిసిపోయాను గానీ, అది ఇంకా ఎవరింట్లో మండుతోందో ఒక్కసారీ ఆలోచించలేదు. ఆమె కొడుకు ఫోన్ చేశాడో లేదో నాకింకా తెలియదు.

నాచారం వెళ్లేవారికి ఒక్క సూచన. మెట్రోలో వస్తే హబ్సిగూడలో దిగండి, ఆటోలు దొరుకుతాయి. ఇంటి ప్రార్థనకైతే కాస్త ముందే చేరి, నోరు తెరవకముందే, వచ్చినవాళ్లు ఏ బాధతో వచ్చారో ఒక్కొక్కరినీ అడగండి.