అత్తగారి మోకాళ్ల బిళ్ల

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, వేసవి వేట నిషేధం ముగిసి పడవలు మళ్లీ సముద్రంలోకి దిగి కొంతకాలమైన రోజుల్లో, నన్ను నరసన్నపేటకు కాస్త దూరంలోని ఒక ప్రభుత్వాసుపత్రికి చర్మవ్యాధుల నిపుణురాలిగా వేశారు. హోదా డిప్యూటీ సివిల్ సర్జన్. కూర్చోబెట్టింది మాత్రం ఇంజక్షన్ల గది పక్కన, తలుపు సగమే మూసుకునే గదిలో. చర్మం డాక్టరంటే గజ్జికి పూత మందు రాసే మనిషని అక్కడ అందరి లెక్క. నేనూ ఆ లెక్కకు అలవాటు పడిపోయాను.

ఆ గదికి ఒక ఉదయం నూకరత్నం వచ్చింది. భర్త పడవ మీద వేటకు వెళ్తాడు, ఆమె ఆ చేపల్ని గంపకెత్తి ఊళ్లో వీధివీధీ అమ్ముతుంది. వెంట అత్తగారు పోలమ్మ. మా ఓపీలో రోగి ఒక్కరే రావడం అరుదు. రోగం పడటానికి ఒకరు, చెప్పడానికి ఒకరు వస్తారు.

"దీనికి సేప పడట్లేదు డాట్రమ్మా," అని పోలమ్మే మొదలుపెట్టింది. పడవ వేటకెళ్లి వచ్చిన రోజుల్లో కోడలికి మచ్చలు రేగుతున్నాయి. వేట నిషేధంలో ఒక్కసారీ రేగలేదు. ఇంకా రుజువేం కావాలి? అందుకని గంప చిన్నకోడలికి అప్పగించేద్దామని ఇంట్లో నిర్ణయం కూడా అయిపోయింది. నా చేత ఆ మాట అనిపించుకు వెళ్లడమే మిగిలింది.

నూకరత్నానికి దురద కన్నా ఆ నిర్ణయమే ఎక్కువ మండుతోంది. "నాను గంప దించేస్తే ఇంటికాడ నా మాట ఎవులింటారు?" అంది, నా వైపు కాదు, గోడ వైపు చూస్తూ. పైగా పెదవి మీది మచ్చ చూసి పెద్దరోగమేమోనని కొందరు ఆమె దగ్గర చేపలు కొనడం మానేశారట.

ముందు ఆ అనుమానం తీర్చాలి. మచ్చ మీద దూదిపోచతో తాకి, కళ్లు మూసుకుని ఎక్కడ తగిలిందో చూపించమన్నాను. ప్రతిసారీ సరిగ్గా చూపించింది. కుష్ఠు మచ్చలో ఆ స్పర్శ తగ్గుతుంది. నరాలు కూడా తడిమి చూసి, అది కాదని ఇద్దరికీ గట్టిగా చెప్పాను.

మచ్చలు మూడు. కింది పెదవి అంచున ఒకటి, మణికట్టు మీద ఒకటి, తొడ మీద ఒకటి. గుండ్రంగా, నేరేడు పండు రంగులో. రేగిన ప్రతిసారీ అక్కడే ఎర్రబడి మండుతాయి, తగ్గాక నలుపు మిగులుతుంది. చేప పడకపోతే వచ్చే దద్దుర్లు ఇవాళ వీపు మీదుంటే రేపు పొట్ట మీదుంటాయి. ఇలా అచ్చి వచ్చిన చోటు వెతుక్కుని అక్కడికే వచ్చేవి సాధారణంగా మందు వల్ల లేచేవి. మా భాషలో వీటిని ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటాం. పైగా గంప నెత్తిన మోస్తారు గానీ తొడ మీద మోయరు కదా.

వేట లేని రెండు నెలలూ ఏం అమ్మావని అడిగాను. ఎండుచేపలు, చెరువు చేపలు అమ్మిందట. అంటే చేప మానలేదు, చెయ్యీ మారలేదు. మారింది ఒక్కటే. ఆ రెండు నెలలూ భర్త రాత్రిళ్లు ఇంట్లో ఉన్నాడు.

ఏమైనా మాత్రలు వేసుకుంటున్నావా అంటే, "ఏటీ నేదు" అంది. జవాబు అత్తగారిని చూసి వచ్చింది. పడవ వెళ్లిన రాత్రి నిద్ర పడుతుందా అన్నాను. ఈసారి పోలమ్మ అందుకుంది. "మొగోడు గంగలో ఉంటే ఆడదానికి నిద్దరెలాగొస్తాది తల్లీ? మా ఇంటికాడ కన్ను మూత్తే ఒట్టు!"

పోలమ్మను బీపీ చూపించుకు రమ్మని పక్కగదికి పంపాను. వైద్యంలో కొన్ని పరీక్షలు పక్కవాళ్లకు చేస్తేనే రోగి ఫలితం తెలుస్తుంది.

తలుపు సగం మూసుకోగానే నూకరత్నం నోరు విప్పింది. గాలి హోరుగా ఉన్న రాత్రుల్లో ఆమెకు గుండె దడ. ఆ హోరులోనే అత్త మాత్రం గురక పెట్టి తొంగుంటుంది. మోకాళ్ల నొప్పులకని మింగే బిళ్ల వేసుకున్నాకే ఆ గురక వస్తోందని కోడలు కనిపెట్టింది. పడవ వెళ్లిన రాత్రల్లా అత్త అట్టలోంచి ఒకటి తీసి తనూ వేసుకుంటోంది. నిద్ర పడుతోంది. మర్నాడు గంపెత్తుకుంటే మచ్చలు మండుతున్నాయి. పాపం చేపల నెత్తిన పడింది.

పోలమ్మ తిరిగొచ్చాక, ఇంట్లో మీరు మింగే బిళ్లలన్నీ చూడాలన్నాను. కొంగు ముడి విప్పి ఒక అట్ట ఇచ్చింది. అది నిద్రమాత్ర. ఎవరో ఎప్పుడో రాసిచ్చిన చీటీ పట్టుకుని ఏళ్ల తరబడి కొంటోంది. ఇది మోకాళ్లకు కాదమ్మా, నిద్రకు అన్నాను.

"నిద్దర పట్టకపోతే మోకాళ్లు లాగెత్తాయి గదేటి!" అంది. ఈ మందు పడనివాళ్లు మింగితే ఇలాంటి మచ్చలే లేస్తాయని మాటవరసకు అన్నట్టుగా అన్నాను. పోలమ్మ అట్ట వైపు చూసింది, కోడలి పెదవి వైపు చూసింది. నాకు నవ్వొచ్చింది, కానీ ఆపుకున్నాను. ఆ ముసలామె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గంప దీని దగ్గరే ఉంటాది డాట్రమ్మా," అంది చివరికి. "ఆడు గంగలో ఉంటే మేవిద్దరం తొంగున్నావని మాత్రం మావోళ్లకి సెప్పకండి."

చెప్పనన్నాను. ఫలానా మందు పడదని కార్డు మీద ఎర్ర సిరాతో రాసి నూకరత్నానికిచ్చి, ఏ డాక్టరు దగ్గరకెళ్లినా చూపించమన్నాను. ఒళ్లంతా బొబ్బలు లేచినా, జ్వరంతో నోరు పూసినా క్షణం ఆగకుండా రమ్మన్నాను. అలాంటివి ప్రాణం మీదికి తెస్తాయి. పోలమ్మ మాత్రను ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించమని జనరల్ మెడిసిన్ డాక్టరుకు రాశాను.

మచ్చలు మళ్లీ రేగలేదు. తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు పడవ వెళ్లిన రాత్రుల సంగతి అడిగాను. ఇద్దరూ గుమ్మంలో కూర్చుని తెల్లవార్లూ పోట్లాడుకుంటున్నారట. భయం తెలియడం లేదని నూకరత్నం చెప్పింది.

మీరేం మందులు వాడుతున్నారని అడగడం ఆ తర్వాత మానేశాను. మీ ఇంట్లో ఎవరెవరు ఏమేం మింగుతున్నారని అడిగేదాన్ని. జవాబు రాసుకుని, వెంట వచ్చినవాళ్లను బీపీకి పంపి, అదే ప్రశ్న మళ్లీ అడిగేదాన్ని.