లైట్లు తీసేదాకా

మా అత్త పోయిందని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసు నుంచి తిరిగొస్తూ రైల్లో నిలబడి ఉన్నాను. ఇక్కడ జపాన్‌లో రైలెక్కాక ఫోన్లో మాట్లాడకూడదు. తర్వాతి స్టేషన్లో దిగి, ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని విన్నాను. "నువ్వొచ్చేదాకా ఉంచలేం అన్నయ్యా" అన్నాడు వాడు. చివరి చూపు దక్కదని నాకూ తెలుసు. ఏడుపు రాలేదు. అలసటగా మాత్రం ఉంది, అదీ చాలా రోజుల నుంచి ఉన్నదే.

అత్త అంటే మా నాన్న అక్క. పొందూరు దగ్గర పల్లె. పొలంలో వరి, పెరట్లో కనకాంబరాలు. దీపాలు పెట్టే వేళ దాటితే పెరట్లో ఆకు ముట్టనిచ్చేది కాదు. "సెట్లు పడుకున్నాయి, తెల్లారనీ" అనేది. చిన్నప్పుడు రాత్రిళ్లు నాకు దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. తులసాకు తప్పదు కదా! అప్పుడు మొక్క పక్కన కూర్చుని, కొమ్మని మెల్లగా తట్టి, "తల్లీ, ఒక్కపాలి లెగు, గుంటడికి దగ్గొస్తన్నాది" అని చెప్పి మరీ కోసేది. మీ ఇళ్లలోనూ ఇలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు.

మా పాప పుట్టినప్పుడు సాయానికి ఇక్కడికి వచ్చింది. చలిని తిట్టుకుంటూనే పాపకి నలుగు పెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసేది. అంతలో చెర్రీ పూల రోజులొచ్చాయి. అవి పట్టుమని పది రోజులు నిలవవు. నేనేమో పొద్దున పోతే రాత్రికి ఇల్లు చేరే మనిషిని. "రాలిపోకముందే ఆవిడకి చూపించండి" అని నా భార్య పోరుపెడితే, ఒకరోజు కాస్త ముందుగా బయటపడి, చీకటి పడ్డాక అత్తని పార్కుకి తీసుకెళ్లాను.

చెట్ల కింద నుంచి పైకి లైట్లు వేశారు. పూలు తెల్లగా, ఎక్కడో కొంచెం గులాబీగా వెలుగుతున్నాయి. జనం పట్టాలు పరుచుకుని తింటున్నారు, ఫోటోలు తీసుకుంటున్నారు. అత్త సంబరపడుతుందని మొహంలోకి చూశాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పడుకున్న సెట్టు మీద లైట్లేటిరా?" అంది గుసగుసగా.

"పూలు కనబడాలి కదత్తా."

"కనబడాలని మనిషి మొకం మీద లైటేస్తే ఊరుకుంటాడేటి? ఈటికి నిద్దరొద్దా?"

పార్కంతా నన్ను తిప్పి, మరుగుదొడ్ల వెనక లైటు లేని చెట్టొకటి పట్టుకుంది. దాని కింద తువ్వాలు పరిచి పులిహోర డబ్బా తీసింది. నేను తింటుంటే చూసి, "నీకూ నిద్దర లేదు, ఈటికీ నిద్దర లేదు. ఏటి ఊర్రా ఇది!" అంది. నాకు నవ్వొచ్చింది. "కాసేపు పడుకో. నానున్నాను కదా" అంది.

ఓ బిడ్డకి తండ్రినయ్యుండీ ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాను. ఆ ఏడాదంతా అంత మంచి నిద్ర పోలేదు. లేచేసరికి చొక్కా నిండా పూరేకులు. దులిపితే నాకు మెలకువొస్తుందని దులపలేదట.

వెళ్దామంటే కదల్లేదు. "లైట్లు తీసేదాకా ఉందాం" అంది. తొమ్మిదింటికి అన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. జనం ఉసూరుమన్నారు. అత్త మాత్రం "హమ్మయ్య, పడుకోండి తల్లీ" అని అప్పుడు లేచింది.

మొన్న శ్రీకాకుళం ఆస్పత్రిలో ఐసీయూలో ఉన్నప్పుడు తమ్ముడు ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టాడు. "ఈ లైటొకటి తియ్యరురా నాయినా. నిద్దరట్టదు" అంది. నాతో అన్న ఆఖరి మాట అదే. ఐసీయూలో లైటెలా తీస్తారు? "తీస్తార్లే అత్తా" అన్నాను.

పోయిందన్న కబురు విన్నాక ప్లాట్‌ఫాం మీంచి ఇంటికి వెళ్లలేదు. ఈ ఏడాదీ పూలు మళ్లీ పూసి ఉన్నాయి. పార్కుకెళ్లి, ఆ చెట్టు కిందే బ్యాగు దించుకుని కూర్చున్నాను. నిద్ర ముంచుకొస్తున్నా తొమ్మిదిదాకా ఆగాను. లైట్లు ఆరిపోయాయి.

"పడుకో అత్తా" అన్నాను పైకే. అప్పుడొచ్చింది ఏడుపు.

గేట్లు మూసే ముసలాయన టార్చి వేసుకుంటూ ఇటే వచ్చాడు. నన్ను చూసి ఏమనుకున్నాడో, వెలుగుని నేలకి దించాడు. చీకట్లో రేకులు నా మీద పడుతూనే ఉన్నాయి. నేను దులుపుకోలేదు.