సైనైడ్ దిబ్బ మీద కాశ్మీరు మేక

ఆ రోజుల్లో మా బంగారు గనుల ఊరికి ఉన్నవి రెండే రుతువులు: దుమ్ము లేచే కాలం, దుమ్ము అణిగే కాలం. సైనైడు పోసి బంగారం పిండుకున్నాక మిగిలిన రాతిపిండిని ఏండ్ల తరబడి కుప్పలు పోస్తే అవి కొండలైనాయి. వాటిని మేము సైనైడ్ దిబ్బలు అనేవాళ్ళం. గాలి ఇటు తిరిగితే చాలు, ఆ తెల్ల పిండి మా కూలీల ఇండ్ల లైన్లలోకి వచ్చి సంగటి ముద్దలోనూ, పిల్లల చెవుల్లోనూ, అవ్వల నశ్యం డబ్బీల్లోనూ పడేది. (బంగారం మాత్రం ఏ గాలికీ మా ఇండ్ల వైపు ఎగిరి రాలేదు.)

తెల్లదొరలు పోయి గనులు సర్కారు చేతికి వచ్చినాక, ఆ బంగళాల్లోకి మన దొరలే దిగినారు. వాళ్ళలో ఒకాయనకు మేము పెట్టుకున్న పేరు శిశిరం దొర. కోస్తా మనిషి. ట్రైనింగుకని ఇంగ్లండు పోయి, అక్కడి చెట్లు ఎర్రబడి ఆకులు రాల్చడం చూసి వచ్చినాడు. మనిషి తిరిగి వచ్చినాడు గానీ మనసు ఆ చెట్ల కిందే ఉండిపోయింది. ఒకనాడు నోటీసు బోర్డు మీద పోటీ ప్రకటించినాడు: 'మన ఇంటి చుట్టుపక్కల రాలే ఆకులు, అడవి జంతువులు' ఫోటో తీసి ఇవ్వాలట. బాగున్నది కంపెనీ క్యాలెండర్లో వేస్తారట, తీసినవాడికి సర్ఫేసులో, అంటే గని పైన, ఫోటోగ్రాఫర్ పని ఇస్తారట.

నాకు ఆకులతో పని లేదు. సర్ఫేసుతో ఉంది. నేను భూమి కింద రాయి కూలకుండా దుంగలు నిలబెట్టేవాళ్ళకు హెల్పర్ని. లోపల ఎక్కడైనా రాయి పగిలితే పైన లైన్లలో గిన్నెలు గలగలమనేవి. గిన్నెలు కదిలితే మా అమ్మ పొయ్యి మీద ఎసరు వదిలేసి గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరుగెత్తేది. మమ్మల్ని పైకి తెచ్చే బోనులో నా మొగం కనబడగానే, "నీ వల్ల ఎసరంతా ఇగిరిపోయింది గదరా" అని తిట్టి తిరిగిపోయేది. ఆ ఎసరు ఇగరకుండా ఉండాలంటే నేను పైన పని సంపాదించాలి. అంతే నా ప్రకృతి ప్రేమ.

రాబర్ట్‌సన్‌పేటలో స్టూడియో నడిపే మా అక్క మొగుడి దగ్గరికి పోయినాను.

"కెమెరా ఏంటికిరా నీకు?" అన్నాడు బావ.

"చిరుతపులి ఫోటో తీయల్ల బావా."

"చిరుత యాడుండాదిరా ఈడ? నాకు తెలిసి ఈ ఊర్లో అడవి జంతువంటే మీ అక్క ఒక్కతే. పో, తీసుకో ఫోటో."

లోపలినుంచి అక్క గొంతు: "జోడీగా తీయమనప్పా! మొగజంతువు గూడా ఆడనే నిలబడుండాది."

బావ నోరు మూసుకుని కెమెరా ఇచ్చినాడు. ఏదో పెండ్లికి వాడగా రీలులో ఇంకా కొన్ని ఫోటోలు మిగిలున్నాయి.

ఇంగ ఆ చిరుత సంగతి. దిబ్బ శిఖరం మీద నేనూ అదీ ఎదురెదురుగా నిలబడినాం. మధ్య మూడు బారలు. అది గుర్రుమంది. నేను గుర్రుమన్నాను. దాని కంట్లో నా నీడ కనబడింది. కెమెరా ఎత్తినాను... (సరే, చిరుత కాదు, నక్క. వయసైపోయినాక అబద్ధాన్ని గూడా ఎక్కువ దూరం మోయలేకపోతున్నాను. నక్క గూడా కాదు లెండి. మేక.)

జరిగింది ఇది. మా ఊళ్ళో చెట్లకు ఎర్రబడే ఓపిక లేదు. బంగళా వీధిలోని బాదం చెట్లు మాత్రం చలికాలం పోతూనే ఎర్రాకులు రాల్చేవి. వాటిని సంచికి ఎత్తుకుని దిబ్బ మీదికి పోయినాను, తెలుపు మీద ఎరుపైతే కొట్టొచ్చినట్టు ఉంటుందని. మా అమ్మ ముగ్గేసినట్టు ముచ్చటగా పరిచి, వెనక్కి జరిగి, కెమెరాలో కన్నుపెట్టి చూస్తే ముగ్గు సగమే ఉంది. మిగతా సగం మా వెనక లైనులో ఉండే మేకలవ్వ మేక నోట్లో ఉంది. ఒక చెవి సగం తెగిన మేక. నేను అరిచేలోపల అది మిగతాది గూడా ముగించి, చివరాకు నోట కరుచుకుని, దిబ్బ అంచున ఆకాశానికి ఎదురుగా రాజు మాదిరి నిలబడింది. ఏడవలేక బటన్ నొక్కినాను.

బావ చీకటి గదిలోంచి ఫోటో పట్టుకుని వచ్చినాడు. "బానే ఉండాదిరా. ఎర్రాకు అంటివే, యాడ?"

"దాని నోట్లో బావా."

"నోట్లో ఉండేది నల్లగుండాది. ఇది నలుపు తెలుపు రీలు గదరా, మొద్దూ!"

రంగుల ఆకుల పోటీకి రంగులేని రీలుతో పోయినవాణ్ణి ఈ భూమండలంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. బావకు జాలేసి, పెండ్లికూతుళ్ళ ఫోటోలకు పెదాల మీద పూసే ఎరుపు తీసి సన్న కుంచెతో ఆకుకు పూసినాడు. చెయ్యి అలవాటు కొద్దీ మేక బుగ్గలకు గూడా రవంత గులాబి తగిలించినాడు.

వారం తిరక్కుండా శిశిరం దొర పిలిపించినాడు. "ఏమిటయ్యా ఇది? కాశ్మీరు క్యాలెండరు చూసి ఫోటో తీసి నాకే ఇస్తావా? ఈ మంచు, ఈ కొండ, ఈ పహాడీ మేక! పోటీ సరే, ముందు నీకు మెమో ఇవ్వాలి."

"సార్, అది మన సైనైడ్ దిబ్బ. మేక గూడా మన లైన్లదే."

"రుజువేమిటి?"

రుజువును తాడు కట్టి తీసుకొచ్చినాను. వెనకాలే మేకలవ్వ. నేను బతిమాలితే కాదు, తన మేకను కాశ్మీరుది అన్నారని తెలిసి వచ్చింది. ఆఫీసు వరండాలోంచే మొదలుపెట్టింది: "ఎవుర్రప్పా అనింది? దీని అమ్మ మా పొయ్యి కాడ పుట్టె, ఇది మా మంచం కింద పుట్టె. కాశ్మీరంట, కాశ్మీరు! చెవి చూసుకో సామీ, మా కుక్క కొరికింది. కుక్కను గూడా తోలుకురమ్మంటావా?"

దొర ఫోటోలోని చెవి చూసినాడు, మేక చెవి చూసినాడు. కుక్క వద్దన్నాడు. "మరి ఈ మంచు?" అన్నాడు, గొంతు తగ్గించి.

"మంచేంది సామీ, మీ దుమ్మే. దినామూ మా సంగట్లో పడేది," అనింది అవ్వ.

దుమ్ము పడుతుందని ఆ దొర వచ్చిన రోజునుంచి ఆ గది కిటికీ తెరవనే లేదు. ప్యూను పోయి తెర జరిపినాడు. అద్దం నిండా తెల్లటి దిబ్బ. దొర చాలాసేపు చూసినాడు. ఆ చూపు చూసి ఇంగ సర్ఫేసు నాదే అనుకున్నాను.

"కాశ్మీరుదైతే దొంగతనమని మెమో ఇచ్చేవాణ్ణి," అన్నాడు చివరికి. "ఇక్కడిదే గనక క్యాలెండర్లో వెయ్యడానికి వీల్లేదు. పైవాళ్ళు చూస్తారయ్యా." ప్యూను మళ్ళీ తెర వేసినాడు.

బహుమతి దొరసానమ్మ తన పూలకుండీ మీద తీసిన పిచ్చుక ఫోటోకు వచ్చింది. ఆమె ముందునుంచే సర్ఫేసు మీద ఉన్నందున ఫోటోగ్రాఫర్ పని ఎవరికీ ఇవ్వలేదు.

ఇంటికి పోయి, "పోయిందమ్మా పని" అన్నాను. అమ్మ ఎసట్లో పిండి పోస్తూ తలెత్తలేదు. "పోతే పోనీ. దినామూ పైకి వస్తాండావు గదా. అది చాలు." నా చేతిలోని ఫోటో చూసి, "మేకకు ఆ బుగ్గలేంటికిరా అట్లున్నాయి?" అనింది.

మరుసటి రోజు మళ్ళీ బోనెక్కినాను. గనులు మూతపడేదాకా ఎక్కుతూ, దిగుతూనే ఉన్నాను. అమ్మ ఎసరు ఇంకెన్నిసార్లు ఇగిరిందో లెక్క లేదు. ఇప్పుడు ఆ దిబ్బల మీద సినిమావాళ్ళు పాటలు తీస్తున్నారు. మా కాలంలో అక్కడ చిరుతలు ఉండేవని మొన్న ఒక కెమెరా పిల్లగాడికి నేనే చెప్పినాను. నమ్మినాడు పాపం.

ఫోటో మా గోడ మీదే ఉంది. ఏండ్లు గడిచి దిబ్బ పసుపుబారింది, ఆకాశం గోధుమరంగుకు తిరిగింది, మేక తేనెరంగు అయ్యింది. నలుపూ లేదు, తెలుపూ లేదు. బావ పూసిన ఎర్రాకు మాత్రం ఇంకా పెండ్లికూతురి పెదవి మాదిరే ఉంది. దొర అడిగిన శిశిరం నా ఫోటోలోకి వచ్చింది గానీ, ఆయనకు చూపించాలంటే ఆయన యాడుండాడో నాకు తెలీదు. ఎదురుగా అద్దంలో ఇంకో శిశిరం ఉంది గానీ, దాని బుగ్గలకు గులాబి పూయడానికి ఇప్పుడు బావ లేడు.