రామబ్రహ్మం గారు నాకిచ్చిన తోక

మా అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తులో ఉండే రామబ్రహ్మం గారింటికి వెళ్ళి ఖాళీ చేతులతో కూర్చోవడం ఇంతవరకూ ఎవరి వల్లా కాలేదు. మంచినీళ్ళకన్నా ముందు, కుశలప్రశ్నలకన్నా ముందు, ఆయన మీ ఎడంచేతిలో ఒక రాక్షసుడి కాలో, కోరో పెడతారు. కుడిచేతిలో తడిపిన ఉప్పుకాగితం పెడతారు. "ఇది కాస్త పట్టుకో బాబూ, ఇక్కడ గరుకుగా ఉంది" అంటారు. అంతే! మీరు ఎంతటివారైనా సరే, రుద్దాల్సిందే.

ఆయన నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యారు. ఆ వయసువాళ్ళు కొండాపూర్‌లో పొద్దున్నే పార్కు చుట్టూ తిరుగుతూ మోకాళ్ళ గురించి మాట్లాడుకుంటారు. ఈయన మాత్రం సినిమాల్లో ఊళ్ళ మీద పడే రాక్షసుల బొమ్మలు కడతారు. అవి పెట్టెల్లో రెసిన్ అనే గట్టి ప్లాస్టిక్ ముక్కలుగా వస్తాయి, తల ఒకచోట, మొండెం ఒకచోట. వాటిని కడిగి, నున్నగా రుద్ది, అతికించి, సన్న కుంచెతో పొలుసు పొలుసుకీ రంగు వేస్తారు. ఆ ఇంట్లో మూడో పడగ్గది నిండా వీళ్ళే.

"దేవుడి బొమ్మలో, నాయకుల బొమ్మలో చెయ్యొచ్చు కదండీ బాబాయిగారూ?" అని ఒకసారి అడిగాను.

"వాళ్ళకేం బాబూ, చేసేవాళ్ళు బోలెడుమంది. పాపం వీళ్ళని చూడు. రెండు గంటలు అరిపించి, చివర్లో బాంబేసి చంపేస్తారు. కనీసం రంగైనా సరిగ్గా వెయ్యొద్దూ?"

అందరికీ పేర్లున్నాయి. మూడు తలల డ్రాగన్ త్రిమూర్తులు గారు. గబ్బిలం రెక్కలాయన వీరభద్రం గారు. నేను ఈ అపార్ట్‌మెంట్‌కి వచ్చిన కొత్తల్లో ఆయన లిఫ్ట్‌లో ఫోన్ మాట్లాడుతూ, "త్రిమూర్తులు గారికి నిన్న మెడ అతికించానండీ, ఇవాళ కుదురుగానే ఉన్నారు" అన్నారు. నేను చాలా రోజులు ఆయన్ని 'డాక్టరు గారూ' అని పిలిచాను. మా అమ్మ మెడనొప్పి గురించి కూడా సలహా అడిగాను. "ముందు సబ్బుతో కడిగించు బాబూ" అన్నారాయన.

కడగడమంటే గుర్తొచ్చింది. కొత్త ముక్కలకి అచ్చులోంచి వచ్చిన జిడ్డుంటుంది, గిన్నెల సబ్బుతో తోమకపోతే రంగు నిలవదు. ఆ పని పనిమనిషి కిష్టమ్మ మీద పడింది.

"ఏంది సార్ గిది? నన్ను గిన్నెలు తోమనీకి పెట్టుకున్నరా, దయ్యాల పండ్లు తోమనీకి పెట్టుకున్నరా?"

"జర మెల్లగా తోము కిష్టమ్మా, కోర ఊడిపోగలదు."

"ఊడితే ఊడనీ సార్. ఎవర్ని తిన్నదో ఏమో, ఎంత రుద్దినా జిడ్డు పోతలేదు!"

ఆయన భార్య సుబ్బలక్ష్మి గారు ఇంకో రకం మనిషి. దసరా బొమ్మల కొలువులో పై మెట్టు మీద అమ్మవారిని పెట్టి, కింది మెట్ల నిండా ఈ బలగాన్ని నిలబెట్టారు. "ఇంతమందితో యుద్ధమంటే అమ్మవారికి తొమ్మిది రోజులు చాలవు పిన్నిగారూ" అన్నాను. "ఆవిడ సంగతి ఆవిడ చూసుకుంటుంది నాయనా. వీళ్ళకి దుమ్ము దులపడానికి నాకు ఏడాది చాలట్లేదు" అన్నారావిడ.

మా అసోసియేషన్ సెక్రటరీ వెంకటరమణ ఒకసారి రంగు వాసన లిఫ్ట్‌లోకి వస్తోందని నోటీసు పట్టుకుని కోపంగా పైకి వెళ్ళాడు. "ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. ఈలోగా ఈ దవడ కాస్త పట్టుకోండి" అన్నారట ఈయన. కాసేపటికి నేను వెళ్ళి చూద్దును కదా, సెక్రటరీ దవడ రుద్దుతూ, సొంత తమ్ముడితో తనకి ఎందుకు మాటల్లేవో చెప్పుకుని ఏడుస్తున్నాడు. రెసిన్ బురద చేత్తోనే కళ్ళు తుడుచుకోవడంతో కళ్ళు మండి ఇంకాస్త ఏడ్చాడు. ఆ తర్వాత నోటీసు ఊసే లేదు.

ఇక నా ఘనకార్యం చెబుతాను.

నా పేరు రవికిరణ్. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్‌గా చేసేవాణ్ణి. అంటే పనిచేసేవాళ్ళ వెనక నిలబడి "ఎంతవరకొచ్చింది?" అని అడగడం నా పని. పదేళ్ళు అడిగాను. ఒకరోజు కంపెనీవారు నన్ను ఒక చిన్న వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, చాలా మర్యాదగా, ఇక అడగక్కర్లేదన్నారు. ల్యాప్‌టాప్ తీసేసుకుని, బ్యాగు మాత్రం నాకే ఉంచారు.

మా ఆవిడ రసజ్ఞకి చెప్పాలి. ఎలా చెప్పను? సరిగ్గా అంతకు ముందు వారమే వాళ్ళ తమ్ముడి ఉద్యోగం పోతే, వాణ్ణి సోఫాలో కూర్చోబెట్టి, "స్కిల్స్ పెంచుకోవాలోయ్, కాలంతోపాటు పరిగెత్తాలోయ్" అని గంటసేపు క్లాసు పీకాను. ఎదురుగా కూర్చుని విన్నది రసజ్ఞే. పైగా నా ఉద్యోగం చూసుకుని తను ఉద్యోగం మానేద్దామనుకుంటోంది. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని విసుగెత్తిందట. చిన్నప్పుడు నేర్చుకున్న సంగీతం పిల్లలకి చెప్పుకుంటానంది. "దసరా వెళ్ళాక రాజీనామా ఇచ్చేస్తాను, సరేనా?" అంటే, "ఓ, దానికేం! నేనున్నాగా!" అన్నాను. అప్పటికి నేను లేను.

మర్నాడు పొద్దున మెడలో ఏదో సమావేశంలో ఇచ్చిన పాత ట్యాగు తగిలించుకుని, బరువు కోసం బ్యాగులో ఇస్త్రీపెట్టె పెట్టుకుని, రసజ్ఞ కట్టిచ్చిన లంచ్ డబ్బా పట్టుకుని బయల్దేరాను. మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి మూసాపేటలో దిగి, ఎదురు ప్లాట్‌ఫామ్ ఎక్కి తిరిగొచ్చాను. మర్నాడూ అదే. ఇంట్లో రసజ్ఞ ఇస్త్రీపెట్టె కోసం అలమరాలన్నీ వెతుకుతోంది. నేను కూడా మంచం కిందికి దూరి వెతికాను.

ఆ మర్నాడు లిఫ్ట్‌లో రామబ్రహ్మం గారు కనిపించారు.

"ఆఫీసుకా బాబూ?"

"అవునండీ, ఊపిరాడని పని!"

ఆయన నా ట్యాగు చూశారు, బ్యాగు చూశారు. "ఒక్క ఐదు నిమిషాలు పైకి రా. మండూకరావు గారి పని మొదలెట్టాను. తోక ఉంది, కాస్త పట్టుకో" అన్నారు.

మండూకరావు గారంటే బురదగుంటలోంచి లేచొచ్చి పట్నం మీద పడే కప్పరాక్షసుడు. ఎర్రటి కళ్ళు, బానపొట్ట. ఆయన నా చేతిలో పెట్టిన తోక మూరెడు పొడుగుంది, వీపంతా రంపంపళ్ళు. నేను కూర్చుని రుద్దడం మొదలుపెట్టాను. ఐదు నిమిషాలు కాస్తా సాయంత్రమయ్యాయి.

ఆ తర్వాత రోజూ అదే నా ఆఫీసు. లిఫ్ట్‌లో కిందికి దిగడం, మెట్ల మీదుగా ఐదో అంతస్తు ఎక్కడం. రామబ్రహ్మం గారు ఒక్కనాడూ "ఆఫీసు లేదా?" అని అడగలేదు. పన్నెండు దాటగానే సుబ్బలక్ష్మి గారు నా డబ్బా వేడిచేసి పెట్టేవారు. అంత ఆదరంగా చూసే హెచ్.ఆర్. నా సర్వీసులో ఎప్పుడూ తగల్లేదు.

అయితే తోక మాత్రం ఒక పట్టాన తేలేది కాదు. సాయంత్రం అద్దంలా చేసి వెళ్ళేవాణ్ణి, పొద్దున్నే వచ్చి చూస్తే మళ్ళీ గరుకు! నేను ఊరుకుంటానా? బాగా ఆలోచించి కారణం కనిపెట్టాను.

"తేమండీ బాబాయిగారూ. రాత్రిపూట గాల్లో తేమకి రెసిన్ ఉబ్బుతోంది."

"ఎంతైనా ఇంజినీరువి! నాకు ఇన్నేళ్ళలో తట్టనేలేదు."

దాంతో నాకు కొమ్ములొచ్చాయి. వారం వారం నివేదిక కూడా ఇచ్చేవాణ్ణి. "తోక అరవై శాతం పూర్తయిందండీ" అంటే, "మా శాఖలో కాలవలు కూడా అరవై దగ్గరికి చకచకా వచ్చేవి బాబూ, అక్కణ్ణుంచి కదిలేవి కావు" అనేవారు. ఇంటికెళ్ళాక రసజ్ఞ, "గోళ్ళలో ఆ తెల్లదేంటి?" అని అడిగేది. "ప్రాజెక్టు చివరికొచ్చింది" అనేవాణ్ణి. ఆ సమాధానానికీ ఆ ప్రశ్నకీ సంబంధమేంటో నాకే తెలీదు.

నవ్వుతూ చెబుతున్నాను కానీ, లోపల నాకు నిప్పులమీద కూర్చున్నట్టే ఉండేది. దసరా వెళ్ళిపోయింది. మెట్లు దిగుతూ ప్రతి సాయంత్రం 'ఈరోజు చెప్పేస్తాను' అనుకునేవాణ్ణి. తలుపు తీసిన రసజ్ఞ మొహం చూడగానే నాలుక మడతపడేది. చివరికి ఒక పొద్దున ఆమె ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, "రాజీనామా రాసేశాను. లంచ్ అయ్యాక పంపించేస్తాను" అంది. నేను "శుభం" అని ఐదో అంతస్తుకి పారిపోయాను.

వెళ్ళేసరికి రామబ్రహ్మం గారు లేరు, రంగులు కొనడానికి మూసాపేట వెళ్ళారట. బల్ల మీద మండూకరావు గారు నిలబడి ఉన్నారు. ఒళ్ళంతా తడి మెరుపు, పని మొత్తం పూర్తయిపోయింది! నాకు ఒళ్ళు మండింది.

"ఇదేం పద్ధతండీ పిన్నిగారూ? నా తోక రాకుండానే పూర్తి చేసేస్తారా?" అని బొమ్మని ఎత్తి వెనకంతా వెతికాను. "ఇది అతికించడానికి చోటేదీ?"

సుబ్బలక్ష్మి గారు నన్ను జాలిగా చూశారు. "కప్పకి తోకేంటి నాయనా?"

నేను బి.టెక్. ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ఆ విషయం ఆ క్షణంలో ఎవరికీ తెలియకూడదనిపించింది.

"మరి... ఈ తోక?"

"ఎప్పుడో కట్టిన బల్లిది. ఆ పెట్టెలో పొరపాటున రెండొచ్చాయి. నువ్వు సాయంత్రం వెళ్ళగానే మీ బాబాయిగారు ముతక కాగితం తీసుకుని దాన్ని మళ్ళీ గరుకు చేసి పెడతారు."

"ఎందుకండీ?"

"తోక అయిపోతే నువ్వెక్కడికెళ్తావు? మూసాపేట స్టేషన్లో నువ్వు రైలు దిగి ఎదురు రైలెక్కడం చూశారట. ఏలూరులో ఆయన్ని సస్పెండ్ చేసినప్పుడు రోజూ క్యారియర్ పట్టుకెళ్ళి కాలవగట్టున కూర్చునేవారు. ఆఫీసుకే వెళ్ళారనుకునేదాన్ని పిచ్చిదాన్ని. 'ఒక్కడు వచ్చి పక్కన కూర్చునుంటే చెప్పేసేవాణ్ణే' అని ఇప్పటికీ అంటారు. తనకేమో పలకరించడం చేతకాదు. అందుకే ఏదో ఒకటి చేతిలో పెడతారు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. తోక చేత్తో పట్టుకునే మెట్లు దిగాను.

"రసజ్ఞా, ఆ మెయిల్ పంపకు. నా ఉద్యోగం పోయింది."

"ఎప్పుడు?"

"రెండు నెలలైంది."

"మరి రోజూ ఎక్కడికెళ్తున్నావు?"

"ఐదో అంతస్తుకి" అని మొత్తం చెప్పేశాను. తమ్ముడి ముందు పీకిన క్లాసుతో సహా, ఇస్త్రీపెట్టెతో సహా.

రసజ్ఞ ల్యాప్‌టాప్ మూసేసింది. ఆమె కళ్ళు నిండాయి. "ఉద్యోగం పోతే పోయింది. రెండంతస్తుల పైన కూర్చుని చల్లారిన అన్నం తిన్నావా? నీకు నేను లేనా? ఆ ఒక్క ముక్క చెప్పడానికి నేనంత పరాయిదాన్నా?" అంది. పిన్నిగారు అన్నం వేడిచేసేవారని చెబుదామనుకుని, నా జీవితంలో మొదటిసారి సమయానికి నోరు మూసుకున్నాను.

తర్వాత విసురుగా లేచి మెట్లెక్కింది, వెనకాలే నేను. రామబ్రహ్మం గారు అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతున్నారు.

"మీకు తెలిసి కూడా నాకొక్కమాట చెప్పకూడదా బాబాయిగారూ?"

"ఆ మాట అతను చెప్పాలి కదమ్మా" అన్నారాయన, దొంగతనం బయటపడ్డ మొహంతో.

"ఇతను చెప్పకపోతే? ఇంకా ఎన్నాళ్ళు రుద్దించేవారు?"

ఆయన నా చేతిలో తోక తీసుకుని వెలుతురుకి పెట్టి చూశారు. మూరెడు తోక, రంపంపళ్ళన్నీ అరిగి, ఎండిన మునక్కాడలా మిగిలింది.

"అదేనమ్మా నా దిగులు. ఇది ఇంకో వారంకన్నా ఆగదు" అని గదిలోకి వెళ్ళి, విప్పని పెట్టె ఒకటి తెచ్చి, బిడియంగా మా ముందు పెట్టారు. "అందుకే, ఎందుకైనా మంచిదని, జెర్రిగారిని తెప్పించాను. ఎన్ని కాళ్ళుంటాయో లెక్కలేదు."

రసజ్ఞ ఆ పెట్టె వంక చూసింది, ఆయన వంక చూసింది, నా వంక చూసింది. తర్వాత పమిట నోటికడ్డం పెట్టుకుని, గోడకి ఆనుకుని, కళ్ళనీళ్ళతోనే పడీ పడీ నవ్వింది.